కూలిన చెట్టు ఎవరి బాధ్యత? ఉద్దానం కొబ్బరి తోటల పునరుద్ధరణలో గ్రామ పంచాయతీ పాత్ర

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున టిట్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటినది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతోను, ఉండి ఉండి 165 కిలోమీటర్ల వేగంతోను వీచిన గాలికి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాలలోని కొబ్బరి, జీడిమామిడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగినవి. అంతకు ఐదేళ్ళ ముందు, 2013 అక్టోబరు 12న, ఫైలిన్ తుఫాను గోపాలపురం వద్ద తీరం దాటినప్పుడు దెబ్బతిని కోలుకుంటున్న తోటలే ఇందులో చాలా వరకు ఉన్నవి.

టిట్లీ మిగిల్చిన నష్టం గురించి చాలా వ్రాయబడినది. అంతగా గుర్తుకు రాని విషయం మరొకటి ఉన్నది. ఆ తుఫాను వచ్చే నాటికి రాష్ట్రంలోని గ్రామ పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నవి. 2013 జూలైలో ఎన్నికైన పాలక వర్గాల ఐదేళ్ళ గడువు 2018 ఆగస్టు ఆరంభంలో ముగిసినది. గడువు తీరకముందే ఎన్నికలు జరపవలెనని రాజ్యాంగంలోని 243-ఇ అధికరణం చెప్పుచున్నను, తరువాతి ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గాని జరుగలేదు. అనగా ఉద్దానంలో చెట్లు కూలిన రోజున గాని, కూలిన మానులు కుళ్ళిన ఆ తరువాతి రెండేళ్ళలో గాని, ఊరి తరఫున తీర్మానించవలసిన సర్పంచి, వార్డు సభ్యులు పదవిలో లేరు. ఈ లోటు తోటల మీద ఏ విధంగా ప్రభావం చూపగలదో, పంచాయతీ ఉన్నచోట దానిని విస్తరణ శాస్త్రవేత్తలు ఏ విధంగా ఉపయోగించుకొనవలెనో చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

పంచాయతీ సేవలు అనగానే వీధి దీపాలు, మురుగు కాలువలు, మంచినీటి కుళాయిలు గుర్తుకు వస్తాయి. వ్యవసాయాన్ని వ్యవసాయ, ఉద్యాన శాఖలకు వదిలివేయడం అలవాటైపోయినది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నవి. వాటిలో మొట్టమొదటిది వ్యవసాయం, వ్యవసాయ విస్తరణతో సహా. రెండవది భూమి అభివృద్ధి, భూసార సంరక్షణ. మూడవది చిన్న నీటిపారుదల. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఈ సవరణను అనుసరించి వచ్చినదే. అయినను విస్తరణ పాఠ్యాంశాలలో రైతు, ఆదర్శ రైతు, రైతు సంఘం కనిపించినంతగా గ్రామ సభ కనిపించదు. ఇది బోధనలోని లోపమని అంగీకరించవలసి ఉన్నది.

ఉద్దానం తోటల స్వభావం

ఉద్యానవనం అన్న మాటే వాడుకలో ఉద్దానం అయినదని పెద్దలు చెప్పుదురు. ఇసుక నేలలు, సముద్రపు గాలి, కొబ్బరి కింద అరటి, గట్ల మీద పనస, కాస్త మెట్టగా ఉన్నచోట జీడిమామిడి: ఇదీ ఇక్కడి తోటల రూపు. కమతాలు చిన్నవి. ఒకరి తోట ఎక్కడ ముగిసి మరొకరిది ఎక్కడ మొదలైనదో కొత్తవారికి తెలియదు. చెట్ల తలలు పైన కలిసే ఉంటాయి.

ఈ తోటల మీద ఆధారపడినది తోట యజమాని ఒక్కడే కాదు. ఇక్కడి జీడి పిక్కలు 80 కిలోల బస్తాల లెక్కన పలాస-కాశీబుగ్గ చేరుతాయి. అక్కడి జీడి పరిశ్రమలలో పిక్క కొట్టి, పప్పు ఒలిచి, గ్రేడు చేసే పని అధికంగా స్త్రీలది. కొబ్బరి దింపువారు, పీచు తీయువారు, బండ్లవారు వేరు. తోట పడిపోయినప్పుడు వీరికి నష్టపరిహారపు జాబితాలో చోటు దొరకదు. తోటలు పడిన ఇళ్ళ నుండి పనికోసం దూరప్రాంతాలకు పోవడం ఉద్దానంలో కొత్త కాదు. ఈ వలసకు తోటల ఆరోగ్యంతో నేరుగా సంబంధం ఉన్నది. యజమాని ఊరిలో లేని తోటలో పడిన మానును ఎవరు తీయవలెను?

గట్టు తెలియని పురుగు

కొబ్బరి కొమ్ము పురుగు తల్లి పురుగే చెట్టుకు హాని చేస్తుంది. విచ్చుకొనని మొవ్వులోకి తొలిచి లేత ఆకును కొరుకుతుంది. ఆ ఆకు విచ్చుకున్న తరువాత కత్తెరతో త్రిభుజాలుగా కత్తిరించినట్లు కనిపిస్తుంది. పెద్ద చెట్టు ఈ దెబ్బను తట్టుకుంటుంది గాని, రెండు మూడేళ్ళ మొక్క మొవ్వు తెగితే చనిపోతుంది. పురుగు చేసిన రంధ్రం ద్వారా ఎర్రముక్కు పురుగు ప్రవేశిస్తే పెద్ద చెట్టూ దక్కదు.

ఇక్కడ గమనించవలసినది, పురుగు తినే చోటు వేరు, పెరిగే చోటు వేరు. తల్లి పురుగు గ్రుడ్లు పెట్టేది కుళ్ళుతున్న కొబ్బరి మానులలో, పశువుల ఎరువు గుంతలలో, కుళ్ళిన ఆకు దిబ్బలలో. గ్రుడ్డు దశ 8 నుండి 18 రోజులు, లద్దె పురుగు దశ మూడు నుండి ఆరు నెలలు, ప్యూపా దశ రెండు మూడు వారాలు. ఒక తల్లి పురుగు జీవితకాలంలో నూరుకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. తుఫానుకు నేల మీద పడిన మాను ఒకటైతే, తల విరిగి నిలువుగా మిగిలిన మాను మరొకటి. రెండవదే ఎక్కువ ప్రమాదకరం. నేల మీది మాను దారికి అడ్డమని ఎవరో ఒకరు తొలగిస్తారు. నిలువు మానును కొట్టించడానికి కూలి ఖర్చవుతుంది, దానితో వచ్చే రాబడి లేదు. కనుక అది అలాగే ఉండిపోయి పైనుండి కుళ్ళుతూ పురుగుకు ఇల్లవుతుంది.

8 మీటర్ల ఎడంతో నాటిన ఎకరా తోటలో సుమారు 63 చెట్లుంటాయి. వాటిలో సగం పోయినవని అనుకుందాం. యజమాని కష్టపడి తన తోటలోని మానులన్నీ తొలగించి, తూర్పు కోస్తా పొడవు రకం గాని, గోదావరి గంగ వంటి సంకర రకం గాని తెచ్చి నాటినాడు. పొడవు రకం కాపుకు రావడానికి ఆరు నుండి ఎనిమిదేళ్ళు, సంకర రకానికి నాలుగైదేళ్ళు పడుతుంది. పక్క తోట యజమాని ఊరిలో లేడు. అక్కడ పది నిలువు మానులు కుళ్ళుతున్నవి. ఏడాది తిరిగేసరికి అక్కడ పెరిగిన పురుగు రాత్రివేళ ఎగిరి వచ్చి వాలేది ఈ కొత్త మొక్కల మొవ్వుల మీదనే. మొదటి రైతు మన సిఫారసులన్నీ పాటించినాడు: లోపలి మూడు మట్టల మొదళ్ళలో మూడు నాఫ్తలీన్ ఉండలు, అనగా 12 గ్రాములు, పెట్టి ఇసుక కప్పి, 45 రోజులకొకసారి మార్చినాడు. ఇనుప కొక్కెంతో పురుగులను తీసినాడు. అయినను మొక్కలు పోతే, తప్పు రైతుది కాదు. సిఫారసు ఒక తోటకు చేయబడినది, సమస్య ఊరిది.

ఫెరొమోన్ ఎర బుట్టల విషయంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్క రైతు మాత్రమే బుట్ట కట్టితే చుట్టుపక్కల పురుగులు అతని తోటకే ఆకర్షింపబడతాయి. బుట్టలో పడినవి పడగా మిగిలినవి అతని చెట్ల మీదనే వాలుతాయి. ఐదెకరాలకు ఒకటి చొప్పున ఊరంతటికీ కట్టినప్పుడే వాటికి అర్థం. ఎరువు గుంతల సంగతీ ఇంతే. ఘనపు మీటరు ఎరువుకు 250 మిల్లీలీటర్ల మెటారైజియం కల్చరును 750 మిల్లీలీటర్ల నీటితో కలిపి చల్లమని చెప్పుదుము. పది గుంతలలో రెండింటికి చల్లి ఎనిమిదింటిని వదలివేస్తే ఎనిమిదీ పురుగును సరఫరా చేస్తూనే ఉంటాయి. వైరస్ సోకిన పురుగులను హెక్టారుకు 10 నుండి 15 చొప్పున వదిలే పద్ధతి స్వభావరీత్యానే సామూహికం. వదిలిన పురుగు ఎవరి తోటలో ఉండవలెనో ఎవరూ చెప్పలేరు.

జీడిమామిడికీ ఇటువంటి శత్రువు ఉన్నది. కాండం, వేరు తొలుచు పురుగు బెరడు పగుళ్ళలో గ్రుడ్లు పెట్టి, లోపల తొలిచి, ఆకులు పసుపుపచ్చబడే నాటికి చెట్టును కోలుకోలేని స్థితికి తెస్తుంది. అటువంటి చెట్టును వేళ్ళతో తీసి నాశనం చేయకపోతే అది చుట్టుపక్కల తోటలకు విత్తనపు గంపవంటిది. గాలికి సగం వేళ్ళు కదలి ఒరిగిన జీడి చెట్లు ఈ పురుగుకు సులభంగా లొంగుతాయి.

గువామ్‌లో జరిగినది

పసిఫిక్ మహాసముద్రంలోని గువామ్ ద్వీపంలో కొమ్ము పురుగును మొదట 2007లో గుర్తించినారు. కొన్నేళ్ళు అది ఒక అదుపులో ఉన్నట్లే కనిపించినది. 2015 మే నెలలో డాల్ఫిన్ అను తుఫాను ఆ ద్వీపాన్ని తాకి, కూలిన చెట్లను, చెత్తను ఎక్కడికక్కడ వదలివేసినది. కొద్ది నెలలలోనే ఆ కుళ్ళులో పెరిగిన పురుగులు విపరీతంగా బయలుదేరి ద్వీపంలోని కొబ్బరిని నాశనం చేయసాగినవి. అక్కడి పురుగు వైరస్‌కు లొంగని తరగతికి చెందినది కావడంతో సమోవాలో 1967 నుండి మేలు చేసిన జీవ నియంత్రణ అక్కడ పని చేయలేదు. తుఫానుకు చచ్చిన చెట్ల కంటె తుఫాను తరువాతి పురుగుకు చచ్చిన చెట్లను గురించి అక్కడి శాస్త్రవేత్తలు ఎక్కువగా వ్రాయవలసి వచ్చినది. ఉద్దానం తీరం ద్వీపం కాదు, ఇక్కడి పురుగు కొత్త అతిథి కాదు, వాతావరణం కూడ వేరు. అయినను గాలి, కుళ్ళు, పురుగు అన్న వరుసలో తేడా లేదు.

పాత చట్టం, కొత్త సభ

తెగులును ఊరి సమస్యగా చూడడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1919లో మద్రాసు ప్రభుత్వం వ్యవసాయ పురుగులు, తెగుళ్ళ చట్టాన్ని చేసినది. ఆనాడు పలాస, టెక్కలి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాకు, 1950లో కొత్తగా ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాకు చెందినది. ఆ చట్టం ప్రకారం ప్రభుత్వం ఒక పురుగును, ఒక ప్రాంతాన్ని ప్రకటించినచో, ఆ ప్రాంతంలోని ప్రతి భూమి అనుభవదారుడు నిర్దేశించిన నివారణ చర్యను చేపట్టి తీరవలెను. చేయనిచో అధికారి ప్రవేశించి చేయించి ఖర్చును వసూలు చేయవచ్చును. నూరేళ్ళ నాటి ఆ చట్టకర్తలకు ఒక విషయం స్పష్టంగా తెలుసు: పక్కవాడు చేయకపోతే నీవు చేసినది వృథా.

అయితే ఆ చట్టంలోని అధికారం పైనుండి వచ్చినది. ప్రకటన వెలువడి, అధికారి నియమితుడై, నోటీసు అందే సరికి పురుగు ఒక తరం పూర్తి చేసుకుంటుంది. ఊరి వారు తమలో తాము కూర్చుండి నిర్ణయించుకొనడానికి ఆనాడు నేటి రూపంలో గ్రామ సభ లేదు. ఇప్పుడు ఉన్నది. అందులో ఓటరుగా నమోదైన ప్రతి ఒక్కరూ సభ్యులే, భూమి ఉన్నా లేకున్నా. జీడి పప్పు ఒలిచే స్త్రీ కూడ ఆ సభలో తోట గురించి మాట్లాడగలదు. రైతు సంఘంలో ఆమెకు ఆ చోటు లేదు. పంచాయతీని విస్తరణకు వేదికగా ఎన్నుకొనడానికి ఇది కూడ ఒక కారణం.

సభకు ఏమి తీసుకొని పోవలెను

విస్తరణ శాస్త్రవేత్త గ్రామ సభకు పోయి పురుగు జీవిత చరిత్రను ఉపన్యసించడం వల్ల ప్రయోజనం తక్కువ. సభ చేయగలిగినది తీర్మానం. కనుక తీర్మానించదగిన రూపంలో విషయాన్ని తీసుకొని పోవలెను. తుఫాను వెలిసిన రెండు మూడు వారాలలో, వార్డుల వారీగా, సర్వే నంబర్ల వారీగా పడిన మానులు ఎన్ని, తల విరిగి నిలిచినవి ఎన్ని, ఎరువు గుంతలు ఎన్ని అన్న పట్టిక తయారు కావలెను. నష్టపరిహారపు గణన ఈ పట్టికకు ప్రత్యామ్నాయం కాదు. టిట్లీ అనంతరం కొబ్బరికి చెట్ల లెక్కన, జీడికి హెక్టార్ల లెక్కన పరిహారం ఇచ్చినారు. ఆ లెక్క ఎవరికి ఎంత చెల్లించవలెనో చెప్పుతుంది. ఏ మాను ఇంకా నిలిచి కుళ్ళుచున్నదో చెప్పడం దాని పని కాదు. కాని అదే బృందం, అదే రోజున, ఒక నిలువు వరుస అధికంగా నింపితే రెండవ పట్టికకు వేరే ఖర్చు లేదు.

తరువాతి ప్రశ్న గడువు. కొబ్బరి మాను పురుగుకు అనువుగా కుళ్ళడానికి కొంత కాలం పడుతుంది. ఆ లోపుననే మానును దూలాలకు, గెడ్డల మీద కాలిబాట వంతెనలకు వాడుకొనవచ్చును. వాడకానికి పనికిరానిదానిని నిలువునా చీల్చి ఎండబెట్టితే చాలు, తడి ఆరిన చీలికలో లద్దె పురుగు బ్రతకదు. అక్టోబరు తుఫాను తరువాత సంక్రాంతి నాటికి ఈ పని ముగియవలెనని సభ గడువు పెట్టుకొనవచ్చును. సంక్రాంతికి బయట ఉన్నవారు ఊరికి వస్తారు. ఊరిలో లేని యజమానులతో మాట్లాడడానికి, అనుమతి పత్రం తీసుకొనడానికి అంతకంటె మంచి సమయం లేదు. అనుమతి ఉంటే కలప విలువకు కొట్టుకొని పోయే వారు ఊరిలోనే దొరుకుతారు.

ఖర్చు విషయంలో జాగ్రత్త అవసరం. ప్రైవేటు తోటలోని మానును పంచాయతీ నిధులతో తొలగించవలెనని ఇక్కడ సూచన కాదు. అది ఆడిట్ అభ్యంతరాలకు దారి తీస్తుంది. చెరువు గట్లు, రహదారి అంచులు, శ్మశానాలు, పంచాయతీ స్థలాలలోని మానులకు మాత్రం పంచాయతీయే బాధ్యురాలు, అక్కడి నుండి అది మొదలుపెట్టితే ఇతరులను అడిగే నైతిక హక్కు దానికి వస్తుంది. పదిహేనవ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 2021-22 నుండి 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకు కట్టుబడినవి. మిగిలిన 40 శాతాన్ని జీతాలకు తప్ప స్థానిక అవసరాలకు వాడుకొనే వీలు ఉండినది. కొత్త మొక్కల విషయంలో దారి ఇంకా సులభం. టిట్లీ నాటికి అమలులో ఉన్న 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద చిన్న, సన్నకారు రైతుల తోటలలో గుంతలు త్రవ్వి మొక్కలు నాటే పనులు అనుమతింపబడినవి. పనుల గుర్తింపు గ్రామ సభ సిఫారసుపై గ్రామ పంచాయతీ చేయవలసినదే. ప్రకృతి వైపరీత్యం ప్రకటించిన ప్రాంతాలలో పనిదినాలు పెంచే వెసులుబాటు కూడ ఉండినది. గుంత త్రవ్వే ముందు ఆ సర్వే నంబరులోను, దానిని ఆనుకొని ఉన్న వాటిలోను మానుల తొలగింపు పూర్తి అయినదని ధ్రువీకరణ ఉండవలెనన్న ఒక్క నిబంధనను సభ తీర్మానిస్తే, పక్క రైతును అడిగే బాధ్యత మొక్క కోరుకున్న రైతు మీద పడుతుంది. అధికారి ఒత్తిడి కంటె ఇది బాగా పనిచేసే అవకాశం ఉన్నది.

2018 అక్టోబరు 2న దేశవ్యాప్తంగా ప్రజా ప్రణాళిక ప్రచారం మొదలైనది. గ్రామ పంచాయతీలు ఏటా అభివృద్ధి ప్రణాళికను గ్రామ సభలో తయారు చేయవలెను. టిట్లీకి తొమ్మిది రోజుల ముందు! ఆ ఏడాది ఉద్దానం పంచాయతీల ప్రణాళికలను చర్చించడానికి ఎన్నికైన సభ్యులు లేకపోవడం కాకతాళీయమే కావచ్చును, కాని ఖరీదైన కాకతాళీయం. తరువాత పరిస్థితి కొంత మారినది. 2019 అక్టోబరు 2 నుండి గ్రామ సచివాలయాలు, వాటిలో వ్యవసాయ, ఉద్యాన సహాయకులు వచ్చినారు. 2020 మే నుండి రైతు భరోసా కేంద్రాలు, నేటి రైతు సేవా కేంద్రాలు, పని చేయుచున్నవి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకే రోజున గ్రామ సభలు జరిపినారు. ఉద్యాన సహాయకుడు ఊరిలోనే ఉన్నాడు, సభ జరుగుచున్నది. ఈ రెంటినీ కలిపే చర్చనీయాంశాన్ని అందించవలసినది కృషి విజ్ఞాన కేంద్రాలు, పరిశోధనా స్థానాలు. ఆమదాలవలస కేంద్రం గాని, కొబ్బరి విషయంలో అంబాజీపేట పరిశోధనా స్థానం గాని జారీ చేసే సిఫారసు పత్రానికి చివర ఒక తీర్మానం నమూనాను జతపరచడం పెద్ద శ్రమ కాదు.

ఇబ్బందులు

ఇవన్నీ సాఫీగా సాగుతాయని అనుకొనరాదు. గ్రామ సభకు హాజరు తక్కువ. టముకు వేయించినంత మాత్రాన జనం రారు. వచ్చినవారు పింఛను, ఇంటి స్థలం వంటి విషయాల మీద మాట్లాడుదురే గాని పురుగు మీద మాట్లాడరు. తీరపు పంచాయతీలలో మత్స్యకార వాడలు, తోటల వాడలు ఒకే పంచాయతీలో ఉండి, నిధుల విషయంలో పోటీ పడుట సహజం. వర్గ వైరాలున్న ఊరిలో ఎదుటి వర్గం వారి తోటకే మొదట నోటీసు పోయే ప్రమాదం ఉన్నది. సర్వే నంబర్ల వరుసలో పని జరుగవలెనని, పట్టికను సచివాలయం గోడ మీద అంటించవలెనని ముందే తీర్మానించుకొనడం దీనికి కొంతవరకు విరుగుడు. కౌలు రైతుల సమస్య వేరు. చెట్టు యజమానిది, కాయ కౌలుదారుది, మాను తొలగింపు ఎవరిది? 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం సాగుదారుకు గుర్తింపు పత్రం ఇచ్చినది గాని దీర్ఘకాలిక తోటలలో ఈ ప్రశ్నను తేల్చలేదు. ఊరి ఆచారాన్ని బట్టి సభే తేల్చుకొనవలసి ఉంటుంది.

నీటి విషయం ఇక్కడ సంక్షేపంగా మాత్రమే చెప్పవచ్చును. మూత్రపిండాల వ్యాధితో బాధపడుచున్న ఉద్దానానికి హిరమండలం జలాశయం నుండి 807 ఆవాసాలకు నీరందించే పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించినారు. వ్యాధికి కారణం ఇదమిత్థమని ఇంకా తేలలేదు. నీరు ఊరి ట్యాంకు వరకు చేరిన తరువాత ట్యాంకు కడుగుట, క్లోరిను వేయుట, పగిలిన గొట్టం మరమ్మతు పంచాయతీ పనులే. కుళాయి రెండు రోజులు రాకపోతే ఆ ఇల్లు తిరిగి పాత నూతికే పోతుంది. తోట విషయంలోను, నీటి విషయంలోను పంచాయతీ చేయవలసినది ఒకే తరహా పని: ఒక ఇంటివారు ఒంటరిగా చేయలేనిది, జిల్లా కేంద్రం నుండి ఎవరూ రోజూ వచ్చి చేయలేనిది.

టిట్లీ తరువాత 2019 వర్షాకాలంలో నాటి, పురుగును తప్పించుకొన్న పొడవు రకం మొక్కలు 2025, 2027 మధ్య కాపుకు వచ్చే లెక్క. పంచాయతీ పాలక వర్గం గడువు ఐదేళ్ళు. ఒక పాలక వర్గం నాటించిన చెట్టు కాపు చూచేది తరువాతి పాలక వర్గమే. కావున మానుల పట్టిక, గుంతల పట్టిక, ఎర బుట్టల స్థానాలు, అనుమతి పత్రాలు సర్పంచి ఇంట గాక, సర్వే నంబర్లతో సహా తీర్మానాల పుస్తకంలో ఉండవలెను. ఎన్నికలు ఆలస్యమై ప్రత్యేకాధికారి వచ్చినను, మరుసటి అక్టోబరులో మరొక తుఫాను వచ్చినను, ఉద్యాన సహాయకుడు మొదట తెరువవలసినది ఆ పుస్తకమే.